వాల్వు టీవీలో బొమ్మ అడుగున మడతపడుతోంది, కొత్త వాల్వు వేసినా రెండు రోజులే

ప్రశ్న: మా నాన్నగారి నాటి 23 అంగుళాల బ్లాక్ అండ్ వైట్ వాల్వు టీవీని మళ్లీ వాడకంలోకి తెచ్చాను. 625 లైన్ల సెట్టు. వీడియో ప్లేయర్‌ని మాడ్యులేటర్ (ప్లేయర్ బొమ్మని టీవీ ఛానల్ సిగ్నల్‌గా మార్చే డబ్బా) ద్వారా యాంటెన్నా సాకెట్‌కి కలిపాను. పెట్టిన పదిహేను, ఇరవై నిమిషాల దాకా అడుగు భాగం బాగానే ఉంటుంది. ఆ తర్వాత కింది అంచు పైకి లాక్కుపోయి రెండు అంగుళాలు నల్లగా మిగులుతుంది. ఆఖరి గీతలు ఒకదానిమీద ఒకటి మడతపడి తెల్లటి పట్టీలా కనిపిస్తాయి. రెండు పక్కలా అంగుళం చొప్పున ఖాళీ మాత్రం మొదటినుంచీ ఉంది. బ్రైట్‌నెస్ పెంచితే బొమ్మ బెలూన్‌లా ఉబ్బి మసకబారుతుంది. అప్పుడప్పుడు బొమ్మ పైకి పరుగెడుతుంది, వర్టికల్ హోల్డ్ నాబ్‌ని చివరికంటా తిప్పితేగానీ ఆగదు. కొత్త పీసీఎల్ 85 వాల్వు వేస్తే రెండు రోజులు బాగుండి మళ్లీ మొదటికొచ్చింది. ఇంకొకటి కొనాలా? లేక పిక్చర్ ట్యూబే పోయిందా?

జవాబు: ఇంకో పీసీఎల్ 85 కొనకండి. ఒక కండెన్సర్ మార్చేదాకా, కింద చెప్పే పరీక్షలకు తప్ప, సెట్టు కూడా పెట్టకండి. కొత్త వాల్వు రెండు రోజులకే అలసిపోయిందంటే జబ్బు వాల్వుది కాదు, వాల్వుని తినేస్తున్నది పక్కనే ఉంది. మీరు నాలుగు ఫిర్యాదులు రాశారు గానీ, చూడబోతే వాటి వెనక రెండు కారణాలే ఉండొచ్చు. ఒకటి వర్టికల్ అవుట్‌పుట్ (బొమ్మని పైనుంచి కిందికి గీసే భాగం) వాల్వు గ్రిడ్ దగ్గర, అంటే సిగ్నల్ లోపలికి వెళ్లే కాలు దగ్గర, లీకైన కండెన్సర్. రెండోది తగ్గిపోయిన హెచ్‌టీ, అంటే వాల్వులకు అందే ప్రధాన డీసీ వోల్టేజీ. ఈ రెండూ సరిచేశాకే మిగతా వాటి సంగతి తేలుతుంది. అంతకుముందే నాబులు, కోర్లు తిప్పితే ఉన్న సర్దుబాటు కూడా చెడిపోతుంది.

వెనక అట్ట తీసేముందు కొన్ని సంగతులు. ఈ సెట్లలో చాలావాటికి మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. కరెంటు తీగల్లో ఒకటి నేరుగా చాసిస్‌కే (లోపలి ఇనుప చట్రానికే) కలిసి ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్గు ఒకవైపు పెడితే చాసిస్ న్యూట్రల్, తిరగేసి పెడితే మొత్తం ఇనుమంతా ఫేజు. నాబు ఊడిన షాఫ్ట్, నాబులోని చిన్న బిగింపు మర కూడా షాక్ కొట్టగలవు. సెట్టు నడుస్తుండగా రీడింగులు తీయాలంటే 300 నుంచి 500 వీఏ ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. అది లేకపోతే ఈ పని మానుకోండి. అది ఉన్నా, రెండు బిందువుల్ని ఒకేసారి ముట్టుకుంటే షాక్ కొట్టి తీరుతుంది. అందుకే ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని పనిచేయడం అలవాటు చేసుకోండి.

మీరు మాడ్యులేటర్ కలిపారు కాబట్టి ఇంకో ప్రమాదం ఉంది. యాంటెన్నా సాకెట్‌కీ చాసిస్‌కీ మధ్య రెండు మూడు చిన్న ఐసోలేటింగ్ కండెన్సర్లు ఉంటాయి, సాధారణంగా 470 నుంచి 1000 పికోఫారడ్లు. అవి లీకైతే మాడ్యులేటర్, దాంతోపాటు ప్లేయర్ డబ్బా కూడా ఫేజుకి ఎక్కుతాయి. వాటిని అదే విలువగల వై క్లాస్ సేఫ్టీ కండెన్సర్లతో ముందే మార్చేయండి.

ఆపేశాక కూడా రెండు చోట్ల కరెంటు నిలిచి ఉంటుంది. హెచ్‌టీ ఎలక్ట్రోలిటిక్‌లు (పెద్ద కండెన్సర్లు) ఒకటి. వాటిని 1 కిలోఓమ్, 10 వాట్ల రెసిస్టెన్సుతో ఐదు సెకన్లు డిశ్చార్జ్ చేసి, మీటర్‌తో సున్నా అని చూసుకోండి. రెండోది పిక్చర్ ట్యూబ్. 23 అంగుళాల ట్యూబ్ మీద 16 నుంచి 18 కిలోవోల్ట్లు ఉంటాయి. ట్యూబ్ గాజే ఒక కండెన్సర్, రోజుల తరబడి ఆ ఛార్జ్‌ని పట్టుకుని ఉండగలదు. పొడవాటి ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్ కాడకు తీగ కట్టి, ఆ తీగ రెండో కొసని ట్యూబ్ వెనక నల్లటి పూతమీద సాగే ఎర్త్ జడకు బిగించండి. తర్వాత రబ్బరు టోపీ కింద నుంచి యానోడ్‌ని తాకించి, ఒక నిమిషం ఆగి మళ్లీ తాకించండి. రెండోసారి కూడా చిన్న చిటుక్కుమనడం మామూలే. ట్యూబ్ మెడ దగ్గర బరువైన పనిముట్లు వాడకండి.

ఇక అడుగున మడత సంగతి. పీసీఎల్ 85 పేరులోనే దాని పని ఉంది. పీ అంటే 300 మిల్లీఆంప్ల హీటరు, సీ అంటే ట్రయోడ్, ఎల్ అంటే అవుట్‌పుట్ పెంటోడ్. ట్రయోడ్ వర్టికల్ ఓసిలేటర్‌లో భాగం, పెంటోడ్ యోక్‌ని (ట్యూబ్ మెడమీద ఉండి కిరణాన్ని వంచే తీగచుట్టలని) నడుపుతుంది. సెకనుకు 50 సార్లు, ప్రతిసారీ పైనుంచి కిందికి వస్తూ పెంటోడ్ కరెంటు పెరుగుతూ పోతుంది. బొమ్మ అడుగు అంటే ఆ కరెంటు శిఖరం. వాల్వులో శక్తి తగ్గినా, బయాస్ (గ్రిడ్ మీద ఉండాల్సిన నెగటివ్ వోల్టేజీ) తప్పినా మొదట దెబ్బతినేది అడుగు భాగమే. పైభాగం నొక్కుకుపోతే లీనియారిటీ సర్క్యూట్‌ని అనుమానించాలి గానీ, అడుగు మడతపడితే చూపు ఈ పెంటోడ్ చుట్టూనే తిరగాలి.

ట్రయోడ్ యానోడ్ నుంచి పెంటోడ్ గ్రిడ్‌కి సిగ్నల్ తెచ్చే కప్లింగ్ కండెన్సర్ ఒకటుంటుంది. విలువ సుమారు 0.1 మైక్రోఫారడ్. మైనం పూసిన కాగితం రకమో, నల్లటి అచ్చు పోసిన రకమో అయితే ఇన్నేళ్లకు లీకు కాకుండా ఉండటం అరుదు. చిన్న లీకే కదా అనిపిస్తుంది. లెక్క చూడండి. ఒకవైపు 100 వోల్ట్లు, కండెన్సర్ లీకేజీ 50 మెగాఓమ్‌లు, గ్రిడ్ రెసిస్టెన్సు 2.2 మెగాఓమ్‌లు అనుకుంటే గ్రిడ్ మీద 4 వోల్ట్లకు పైగా పాజిటివ్ చేరుతుంది. మామూలు మల్టీమీటర్‌తో ఓమ్‌లు కొలిస్తే 50 మెగాఓమ్‌ల లీకు కనిపించదు, కండెన్సర్ బాగున్నట్టే చూపిస్తుంది. కానీ 15 వోల్ట్ల బయాస్‌తో నడవాల్సిన వాల్వుకి 4 వోల్ట్లు ఎదురొస్తే కరెంటు పెరుగుతుంది, వాల్వు వేడెక్కుతుంది. చాసిస్ వేడికి కండెన్సర్ ఇంకా లీకవుతుంది. ఇరవై నిమిషాల తర్వాతే మడత మొదలవడానికి ఇదే కారణం. రెండు రోజుల్లో కొత్త వాల్వు నీరసించడానికీ ఇదే.

ఒక్క రీడింగుతో చాలా తెలుస్తుంది: పెంటోడ్ కాథోడ్ వోల్టేజీ. సెట్టు ఆపి మీటర్ క్లిప్పులు తగిలించి, అప్పుడు పెట్టండి. మీ సెట్టు సర్క్యూట్ షీట్‌లో కాథోడ్ రెసిస్టెన్సు 330 ఓమ్‌లని ఉందనుకుందాం. 15 వోల్ట్లు వస్తే 45 మిల్లీఆంప్లు, అది ఆరోగ్యం. చల్లగా ఉన్నప్పుడు 15 ఉండి, అరగంటలో 22కి ఎక్కిందంటే 67 మిల్లీఆంప్లు, అంటే కండెన్సర్ లీకే. అదే 10కి పడిపోతే వాల్వు నీరసించిందని గానీ, దానికి అందే వోల్టేజీ తగ్గిందని గానీ అర్థం. ఈ లెక్క నమ్మేముందు సెట్టు ఆపి ఆ రెసిస్టెన్సుని ఒక కాలు ఊడదీసి కొలవండి. అది 330 నుంచి 450కి పెరిగి ఉంటే వోల్టేజీ చూసి కరెంటు ఎక్కువనుకుని పొరబడతారు.

కండెన్సర్‌ని నేరుగా పరీక్షించాలంటే గ్రిడ్ వైపు కాలు ఊడదీసి, గాలిలో ఉన్న ఆ కొసకీ చాసిస్‌కీ మధ్య 10 మెగాఓమ్‌ల డిజిటల్ మీటర్ పెట్టి సెట్టు నడపండి. బ్రైట్‌నెస్ ముందే పూర్తిగా తగ్గించాలి. డ్రైవ్ (గ్రిడ్‌కి వచ్చే సిగ్నల్) లేక బొమ్మ ఒక్క అడ్డగీతగా ముడుచుకుంటుంది, ఆ గీత తెర పూతని కాల్చేస్తుంది. మంచి కండెన్సర్ అయితే మీటర్ ఒక్కసారి ఎగిరి, కొన్ని సెకన్లలో సున్నాకి దిగుతుంది. అర వోల్టు దగ్గరైనా నిలబడిపోతే పారేయండి. పైన చెప్పిన 50 మెగాఓమ్‌ల లీకైతే ఈ మీటర్ మీద ఏకంగా 16 వోల్ట్ల దాకా చూపిస్తుంది. వాల్వు పీకి పరీక్షిద్దామనుకోకండి. ఈ సెట్లలో హీటర్లన్నీ దండలో పూసల్లా సిరీస్‌లో ఉంటాయి, ఒకటి తీస్తే అన్నీ ఆరిపోతాయి.

నిజానికి ఇంత పరీక్ష కూడా అక్కర్లేదు. 0.1 మైక్రోఫారడ్, 630 వోల్ట్ల పాలియెస్టర్ కండెన్సర్ వేసేయండి. పనిలో పనిగా వర్టికల్ భాగంలో ఉన్న కాగితం కండెన్సర్లన్నీ ఒక్కొక్కటే మార్చండి. ఒకటి మార్చి, సెట్టు పెట్టి చూసి, అప్పుడే రెండోది. అన్నీ ఒకేసారి మార్చి ఎక్కడో తీగ తప్పు కలిపితే వెతకడం నరకం. ఆవపిండి రంగులో నున్నగా ఉండే పాలియెస్టర్ కండెన్సర్లు కనిపిస్తే వాటి జోలికి పోకండి, అవి చెడిపోవడం తక్కువ.

కాథోడ్ రెసిస్టెన్సుకి అడ్డంగా ఉండే ఎలక్ట్రోలిటిక్‌ని కూడా మార్చండి. అది 100 నుంచి 250 మైక్రోఫారడ్ల మధ్య ఉంటుంది. వాల్వు పక్కనే కూర్చుని ఏళ్లతరబడి ఎండుతుంది. 105 డిగ్రీల రకం, 40 వోల్ట్లది వేసి, వాల్వుకి కాస్త దూరంగా అమర్చండి. ఇది ఎండితే బొమ్మ ఎత్తు మొత్తంగా తగ్గి అడుగు నొక్కుకుంటుంది గానీ, సాధారణంగా మొదటి నిమిషం నుంచే అలా ఉంటుంది.

వేడెక్కాక ఎత్తు తగ్గడానికి ఇంకో కారణం యోక్ మీది థర్మిస్టర్. రాగి తీగ 30 డిగ్రీలు వేడెక్కితే దాని రెసిస్టెన్సు సుమారు 12 శాతం పెరుగుతుంది, థర్మిస్టర్ దానికి ఎదురుగా తగ్గి సరిపెడుతుంది. ఎవరో ఎప్పుడో దాన్ని షార్ట్ చేసి ఉంటే బొమ్మ నెమ్మదిగా ముడుచుకుంటుంది. ముడుచుకోవడమే ఉంటుంది, మడత ఉండదు. మీది మడత కాబట్టి ఇది రెండో అనుమానమే. వర్టికల్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ గురించి అన్నీ అయ్యాకే ఆలోచించండి.

కండెన్సర్లు మార్చాక, మీ దగ్గరున్న పాత పీసీఎల్ 85 రెండింటినీ మళ్లీ పెట్టి చూడండి. మొదట తీసేసినది కూడా బాగానే పనిచేసే అవకాశం ఉంది. రెండూ నీరసించి ఉంటే అప్పుడు కొనండి. పీసీఎల్ 805 దొరికినా అదే సాకెట్‌లో నేరుగా సరిపోతుంది.

పక్కల ఖాళీకి వద్దాం. మొదట చూడాల్సింది వెనక ఉండే మెయిన్స్ వోల్టేజీ ట్యాపింగ్, అంటే ఇంటి కరెంటు వోల్టేజీకి తగ్గట్టు సెట్టుని సర్దే చోటు. మీ ఇంటి కరెంటు 220, 230 మధ్య ఉండి ట్యాపు 250 దగ్గర ఉంటే హెచ్‌టీతోపాటు హీటర్లూ తగ్గుతాయి, ఖాళీకి కారణం అక్కడే దొరుకుతుంది. కానీ సెట్టు సరిగా వెలగట్లేదని ఇంటి వోల్టేజీకన్నా తక్కువ ట్యాపుకి మార్చడం మాత్రం తప్పు. హీటర్లు అధిక వోల్టేజీతో కాలి, పిక్చర్ ట్యూబ్‌తో సహా అన్నింటి ఆయుష్షూ తగ్గుతుంది.

ట్యాపు సరిగ్గానే ఉంటే హెచ్‌టీ కొలవండి. చాలా సెట్లలో 200 నుంచి 240 వోల్ట్ల మధ్య ఉంటుంది, మీ షీట్‌లోని అంకెతో పోల్చండి. 10 వోల్ట్ల తేడా పట్టించుకోనక్కర్లేదు. 25, 30 తగ్గితే వెతకాలి. రెక్కల సెలీనియం రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చేది) ఉన్న సెట్టయితే అది ముసలిదై లోపలి రెసిస్టెన్సు పెంచుకుని ఉంటుంది. దాని బదులు బీవై 127 సిలికాన్ డయోడ్ వేయొచ్చు, కానీ నేరుగా వేస్తే హెచ్‌టీ అమాంతం పెరుగుతుంది. షీట్‌లోని వోల్టేజీ వచ్చేలా 25 నుంచి 50 ఓమ్‌ల వైర్‌వౌండ్ రెసిస్టెన్సు, 25 వాట్లది, సిరీస్‌లో పెట్టాలి. సెలీనియం ప్లేట్లు కాలితే కుళ్లిన ముల్లంగి లాంటి దుర్వాసన వస్తుంది. ఆ వాసన వస్తే సెట్టు ఆపి కిటికీలు తెరవండి, ఆ పొగ విషం.

రెక్టిఫయర్ బాగుంటే రిజర్వాయర్ ఎలక్ట్రోలిటిక్‌ని, అంటే రెక్టిఫయర్ వెంటనే ఉండే పెద్ద కండెన్సర్‌ని, చూడాలి. 0.1 మైక్రోఫారడ్, 630 వోల్ట్ల కండెన్సర్‌ని మీటర్‌కి సిరీస్‌లో పెట్టి ఏసీ రేంజిలో కొలవండి. 200 మైక్రోఫారడ్ల రిజర్వాయర్, 300 మిల్లీఆంప్ల లోడ్ ఉంటే 7, 8 వోల్ట్ల రిపుల్ (డీసీలో మిగిలే ఏసీ అల) సహజం. 15 దాటితే ఎలక్ట్రోలిటిక్ సగం ఎండిందన్నమాట. తెరమీద దీని గుర్తు కూడా ఉంటుంది. బొమ్మ పక్క అంచులు నిటారుగా ఉండక, పైనుంచి కిందికి ఒకే ఒక అలలాగా వంగుతాయి, ఒక వెడల్పాటి నీడపట్టీ అడ్డంగా కనిపిస్తుంది. హాఫ్‌వేవ్ రెక్టిఫయర్ కాబట్టి రిపుల్ 50 హెర్ట్జ్, బొమ్మ కూడా సెకనుకు 50 సార్లే, అందుకే ఒకటే పట్టీ. పాతదానికి అడ్డంగా కొత్తది కలిపి వదిలేయకండి. పాతదాని తీగ ఊడదీసి, దాని స్థానంలో కొత్తది వేయండి. పరీక్ష కోసం కలిపినా సెట్టు ఆపి, డిశ్చార్జ్ చేశాకే కలపాలి.

హెచ్‌టీ సరిగ్గా వచ్చి కూడా పక్కలు నిండకపోతే లైన్ అవుట్‌పుట్ (బొమ్మని అడ్డంగా గీసే) భాగంలోకి వెళ్లాలి. మీ సెట్టులో పీఎల్ 36, పీవై 81 జంట గానీ, పీఎల్ 504, పీవై 88 జంట గానీ ఉండొచ్చు. ముందే ఒక మాట: ఈ వాల్వుల నెత్తిమీది టోపీలకు మీటర్ తాకించకండి. అక్కడ వేల వోల్ట్ల పల్సులుంటాయి, మీటర్‌తోపాటు మీరూ పోతారు. కొలవాల్సింది బూస్ట్ వోల్టేజీ (ఈ భాగం హెచ్‌టీకి మించి తయారుచేసే వోల్టేజీ), షీట్‌లో చూపిన బిందువు దగ్గర, 1000 వోల్ట్ల రేంజిలో, సెట్టు ఆపి క్లిప్పు తగిలించాక.

బూస్ట్ తక్కువుంటే ఈ వరసలో చూడండి. పీఎల్ 36 స్క్రీన్ గ్రిడ్ రెసిస్టెన్సు విలువ పెరిగిందా? వేడికి ఇది తరచూ పెరుగుతుంది. కంట్రోల్ గ్రిడ్ మీద డ్రైవ్ ఉందా? సాధారణంగా మైనస్ 30 నుంచి మైనస్ 60 వోల్ట్ల దాకా కనిపించాలి. ఇది సున్నాకి దగ్గరగా ఉంటే వాల్వు లోపలి ప్లేటు నిమిషాల్లో ఎర్రబడుతుంది, వెంటనే ఆపేయండి. లేకపోతే లైన్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది, దానికి బదులు దొరకడమే ఈ పనిలో అన్నిటికన్నా కష్టం. డ్రైవ్ తక్కువుంటే లైన్ ఓసిలేటర్ నుంచి వచ్చే కప్లింగ్ కండెన్సర్‌ని వర్టికల్‌లో చేసినట్టే మార్చండి. ఆ తర్వాత బూస్ట్ కండెన్సర్. దీనికి 630 వోల్ట్లది చాలదు, షీట్‌లోని విలువతో కనీసం 1000 వోల్ట్ల పాలీప్రొపిలీన్ రకం వేయండి. వాల్వులు మార్చి చూడటం వీటన్నిటి తర్వాత. విడ్త్ స్థిరంగా ఉంచే సర్క్యూట్ ఉన్న సెట్లలో ఒక వీడీఆర్ (వోల్టేజీని బట్టి విలువ మారే రెసిస్టెన్సు), దానితో మెగాఓమ్‌ల విలువగల రెసిస్టెన్సులు ఉంటాయి. కార్బన్ రెసిస్టెన్సుల్లో పెద్ద విలువలవే ముందుగా తప్పుతాయి. ఒక్కొక్కటీ ఒక కాలు లేపి కొలవండి, 20 శాతం దాటి తప్పితే మార్చండి.

హెచ్‌టీకి, బూస్ట్‌కి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే చాలా సెట్లలో హైట్ కంట్రోల్‌కి వోల్టేజీ బూస్ట్ నుంచే వెళ్తుంది. బూస్ట్ పడితే పక్కలతోపాటు ఎత్తూ తగ్గుతుంది. బూస్ట్ బాగుండీ ఎత్తు చాలకపోతే హైట్ పాట్‌తో (ఎత్తు సర్దే, తిప్పితే మారే రెసిస్టెన్సుతో) సిరీస్‌లో ఉన్న పెద్ద రెసిస్టెన్సుని కొలవండి.

బ్రైట్‌నెస్ పెంచితే ఉబ్బడం ఎందుకో చూద్దాం. ఎలక్ట్రాన్ కిరణం వేగం తగ్గితే యోక్ దాన్ని ఎక్కువ వంచుతుంది, బొమ్మ పెద్దదవుతుంది, ఫోకస్ పోతుంది. అంటే బీమ్ కరెంటు అడగ్గానే ఈహెచ్‌టీ (ట్యూబ్ యానోడ్ మీది కిలోవోల్ట్ల వోల్టేజీ) కూలబడుతోంది. దీనికి ప్రసిద్ధ దోషి డీవై 87 రెక్టిఫయర్ వాల్వు. కానీ దాని 1.4 వోల్ట్ల హీటరుకి కరెంటు వచ్చేది లైన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద చుట్టిన ఒకటి రెండు చుట్ల తీగ నుంచే. లైన్ భాగం నీరసంగా ఉంటే ఈ హీటరూ మసకబారుతుంది, మంచి డీవై 87 కూడా చెడ్డదానిలా ప్రవర్తిస్తుంది. పక్కల ఖాళీ సరయ్యాక ఉబ్బు దానంతటదే పోతే ఆశ్చర్యపోకండి. పోకపోతే వాల్వు మార్చండి. సాకెట్‌లో హీటరుతో సిరీస్‌గా చిన్న రెసిస్టెన్సు ఉంటే దాన్ని వదిలేయొద్దు. సోల్డర్ పెట్టాల్సి వస్తే జాయింట్లు నున్నటి గుండ్లలా ఉండాలి. తీగ మొన ఒక్కటి పొడుచుకొచ్చినా అక్కడినుంచి చీకట్లో నీలి వెలుగు, బుస్సుమనే చప్పుడు, ఓజోన్ వాసన వస్తాయి.

పిక్చర్ ట్యూబ్ పోయిందా అని అడిగారు. మీరు చెప్పిన లక్షణాల్లో ట్యూబ్‌ని తప్పుపట్టేది ఏదీ లేదు. నీరసించిన ట్యూబ్ ఉబ్బదు. బ్రైట్‌నెస్ పెంచితే బొమ్మ కొలత మారకుండా, ముఖాల మీది తెలుపు వెండి పూత పూసినట్టు చదునుగా మారుతుంది. ఇంకా పెంచితే ఆ తెల్లని చోట్లు నల్లబడి ఫోటో నెగటివ్‌లా కనిపించొచ్చు. పెట్టిన కొత్తలో మరీ ఎక్కువగా ఉండి, ఐదు పది నిమిషాలకు కాస్త తేరుకుంటుంది. అలా కనిపించేదాకా ట్యూబ్ జోలికి వెళ్లకండి. హీటరు వోల్టేజీ పెంచి బతికించే చిట్కాలు బాగున్న ట్యూబ్ మీద ప్రయోగిస్తే ఉన్న ఆయుష్షు తగ్గుతుంది.

మిగిలింది బొమ్మ పరుగు. వర్టికల్ కండెన్సర్లు మార్చగానే హోల్డ్ నాబ్ నడిమికి వచ్చే అవకాశం ఎక్కువ, ఎందుకంటే అదే కప్లింగ్ కండెన్సర్ చాలా సెట్లలో ఓసిలేటర్ వలయంలో కూడా భాగం. రాకపోతే హోల్డ్ పాట్‌తో సిరీస్‌లో ఉన్న రెసిస్టెన్సు పెరిగిందేమో కొలవండి. నాబు నడిమికి వచ్చాక కూడా బొమ్మ గట్టిగా నిలబడకుండా, తిప్పుతుంటే జారిపోతూ ఉంటే తప్పు ఓసిలేటర్‌ది కాదు, సింక్ పల్సు (ప్రతి బొమ్మ ఎప్పుడు మొదలవాలో చెప్పే సంకేతం) దానిదాకా చేరట్లేదు.

అది ఎక్కడ పోతోందో తెరే చెబుతుంది. బ్రైట్‌నెస్ కొంచెం పెంచి, కాంట్రాస్ట్ కొంచెం తగ్గించి, హోల్డ్‌ని మెల్లగా తిప్పి బొమ్మ నెమ్మదిగా దొర్లేలా చేయండి. రెండు బొమ్మల మధ్య అడ్డంగా ఒక ముదురు పట్టీ వస్తుంది. ఆ పట్టీలో ఇంకా నల్లగా, సుత్తి తలలా ఒక ఆకారం కనిపించాలి. అది వర్టికల్ సింక్ పల్సు. బొమ్మలోని నల్లటి జుట్టుకన్నా అది నల్లగా ఉంటే సింక్ వీడియో దాకా భద్రంగా వచ్చినట్టే, ఆ తర్వాత ఉన్న సింక్ సెపరేటర్‌ని చూడాలి. దాని కప్లింగ్ కండెన్సర్, స్క్రీన్ గ్రిడ్ రెసిస్టెన్సు, ఆ తర్వాత వాల్వు. సుత్తి తల పట్టీలో కలిసిపోయి ఒకే రంగులో ఉంటే సింక్ ముందే నలిగిపోయింది.

మీ విషయంలో దానికి మాడ్యులేటరే కారణం కావచ్చు. దూరపు స్టేషన్ నుంచి యాంటెన్నా పట్టే బలహీనమైన సిగ్నల్ కోసం తయారైన సెట్టుకి పక్కనే ఉన్న మాడ్యులేటర్ నేరుగా కలిస్తే సిగ్నల్ మోతాదు మించుతుంది. కాంట్రాస్ట్ తగ్గించినా నలుపు తెలుపులు గాఢంగా ఉండటం, ఆడియోలో జుయ్‌మని మోత, పరుగు, ఇవన్నీ కలిసి వస్తాయి. 10 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ని తగ్గించేది) ఒకటి మధ్యలో పెట్టి చూడండి, చాలకపోతే 20. దానికి సర్క్యూట్‌లో ఏ పనీ అక్కర్లేదు కాబట్టి పరుగు విషయంలో మొదట ఇదే చేయండి. కాపీ రక్షణ ఉన్న టేపులు, డిస్కులు కూడా ఇలాంటి సెట్లలో సింక్‌ని తికమకపెడతాయి. టెస్ట్ ప్యాటర్న్ లాంటి మామూలు రికార్డింగుతో పరీక్షించండి.

అన్నీ అయ్యాక ఓ గుండ్రటి వలయం ఉన్న ప్యాటర్న్ పెట్టి, సెట్టు అరగంట వేడెక్కాక మాత్రమే హైట్, లీనియారిటీ సర్దండి. చల్లగా ఉన్నప్పుడు సర్దిన వలయం తర్వాత కోడిగుడ్డు అవుతుంది. ఇంత చేసినా పక్కల ఖాళీ తగ్గకపోతే మూడు రీడింగులు రాసి పంపండి: వేడెక్కాక హెచ్‌టీ, బూస్ట్ వోల్టేజీ, పీఎల్ వాల్వు కంట్రోల్ గ్రిడ్ వోల్టేజీ. వాటితోపాటు సెట్టులో ఉన్న వాల్వుల నంబర్లన్నీ రాయండి.